కాటుక కాలికాయలు

సోమవారం. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

పంట కాలువ గట్టు మీద గుర్రం కళేబరం పడి ఉంది. నల్ల గుర్రం. పొట్ట ఉబ్బిపోయింది. మొహాన్ని పీతలు కొరికేశాయి. మెడలో ఎర్ర పట్టీ, దానికి వేలాడే కంచు గంట మాత్రం చెక్కుచెదరలేదు.

దేవకుమారి గుర్రాన్ని చూడలేదు.

దానికి పది గజాల అవతల, నీళ్ళ అంచున పక్కపక్కనే పెట్టి ఉన్న నీలం రబ్బరు చెప్పుల్ని చూసింది. ఎడమ చెప్పు తాడు తెగితే, లేసు అల్లే తెల్లదారంతో తనే కుట్టింది. పోయిన బుధవారం.

అవి ఆమె కొడుకు ఆరోన్ చెప్పులు.

"ప్రభువా!" అని అక్కడే కూలబడిపోయింది. చేతిలోని క్యారేజీ సంచి మాత్రం వదల్లేదు.

ఆమె ఎప్పుడూ చెడ్డదే ముందు ఊహించుకుంటుంది. కొడుకు బస్సెక్కితే బోల్తా పడినట్టు, దగ్గితే టీబీ వచ్చినట్టు. గుర్రాల షెడ్డులో పనికి చేరిన మూడేళ్ళ నుంచి, వాడు ఇంటికి రాగానే ఆమె అడిగే మొదటి మాట ఒకటే. "తన్నిందా?"

ఇప్పుడు ఊహించుకోవడానికి ఏమీ మిగల్లేదు. చెప్పులు కళ్ళెదురుగా ఉన్నాయి.

"వల వేయించాలి మేడమ్," అన్నాడు కానిస్టేబుల్ రాముడు. "దూకేసి ఉంటాడు."

ఎస్సై ప్రిస్కిల్లా ముందుకొచ్చింది. చెప్పుల ముందు గొంతుకూర్చుని ఒక నిమిషం చూసింది. తర్వాత దేవకుమారి పక్కన కూర్చుంది.

"అమ్మా, అబ్బాయి ఇంటి నుంచి ఎన్నింటికి బయల్దేరాడు?"

"అయిదున్నరకండి. కాలువలో గుర్రం తేలిందని మేనేజర్ అప్పాజీగారు ఫోన్ చేశారండి. టీ కూడా తాగలేదు. క్యారేజీ మర్చిపోయాడు. ఇద్దామని పరిగెత్తుకొచ్చానండి."

"ఫోన్ ఎప్పట్నుంచి పలకట్లేదు?"

"ఆరున్నర నుంచండి. స్విచాఫ్. నలభైసార్లు చేశాను."

గట్టు మీద నిలబడ్డ పెద్దమనిషి గట్టిగా అన్నాడు. "తప్పు చేశాడు, పారిపోయాడు! ఇంకేం కావాలండీ?"

గుర్రం యజమాని వెంకటరాజు. రొయ్యల చెరువులున్నాయి. భీమవరంలో కాపురం, వారానికోసారి ఇక్కడికి వచ్చి స్వారీ చేస్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపమో, ఏడుపో.

"నా కాటుకండి అది. మొత్తం జిల్లాలో అలాంటి గుర్రం లేదు. గడియ పెట్టకుండా పోయాడు వెధవ. కేసు పెట్టండి."

"గడియ పెట్టలేదని ఎవరు చెప్పారు?"

"నేనేనండీ మేడమ్ గారూ." అప్పాజీ ముందుకొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా. ప్యాంటు అంచున తెల్లటి పొడి. "శనివారం సాయంత్రం ఆరున్నరకి ఆరోన్ పోయాడండి. ఆదివారం తెల్లారి మేత వేద్దామని నేను వెళ్తే షెడ్డు ఖాళీ."

"ఎన్నింటికి?"

"అయిదింటికండి."

"ఆరోన్‌కి ఎప్పుడు చెప్పారు?"

"మధ్యాహ్నం రెండింటికండి. ఆదివారం వాడికి చర్చి కదండీ. రెండు దాటితే గానీ డ్యూటీకి రాడు."

"రాజుగారికి?"

"సాయంత్రం ఆరింటికండి. దొరుకుతుందేమోనని..."

"అంటే గుర్రం పోయిన పదమూడు గంటల తర్వాత."

అప్పాజీ నవ్వబోయి ఆగాడు. "ఆయ్. భయమేసిందండి."

"పొద్దున్న ఆరోన్ ఏం చేశాడు?"

"ఆరుంబావుకి వచ్చాడండి. షెడ్డులోంచి తిన్నగా గట్టుకి. శవాన్ని చూశాడు. బావురుమన్నాడు. అటు పరిగెత్తాడు. అంతే." తర్వాత గొంతు తగ్గించాడు. "మేడమ్ గారూ, వాసన కొడతంది. పదకొండింటికి జేసీబీ వస్తుంది. పాతిపెట్టేస్తాం. పశువుల డాక్టరుగారు క్యాంపులో ఉన్నారు, సాయంత్రం దాకా రారు."

"పాతేటప్పుడు చల్లడానికి సున్నం, బ్లీచింగ్ ఉన్నాయా?"

"బజారు నుంచి తెప్పిస్తున్నానండి. చెరువు దగ్గర గోడౌన్‌లో ఉంది గానీ, తాళంచెవి పోయి వారమైంది."

"సరే. మీరిక్కడే ఉండండి."

ప్రిస్కిల్లా రాముణ్ణి పక్కకి పిలిచి ఏదో చెప్పింది. అతను మోటార్ సైకిల్ మీద నరసాపురం రేవు వైపు వెళ్ళిపోయాడు. కాలువలో మాత్రం వల వేయించలేదు. ఈవిడకి నా బిడ్డ అక్కర్లేదు కాబోలు అనుకుంది దేవకుమారి. 

"రండమ్మా," అంది ప్రిస్కిల్లా. "షెడ్డు చూద్దాం."

ఎనిమిది అయిదు.

షెడ్డు ఇంటికన్నా శుభ్రంగా ఉంది. నేల మీద పొడి ఇసుక. గోడకి ఇనప కొక్కెం, గట్టి బ్రష్షు, కొబ్బరినూనె సీసా వరసగా ఉన్నాయి.

"కొబ్బరినూనె ఎందుకు?"

"దాని కాళ్ళకండి. నా కాలి పగుళ్ళకి ఏనాడన్నా రాశావట్రా అని తిట్టేదాన్ని." దేవకుమారి సీసా మూత బిగించింది. "ముసిలిదానివైపోయాక రాస్తాలేమ్మా అనేవాడు."

"కాళ్ళకి ఎందుకు రాస్తాడు?"

"కాయలకండి. గుర్రానికి కాళ్ళ లోపలివైపు కాయకాచినట్టు గట్టి చర్మం ఉంటుందంట. ముందు కాళ్ళకి మోకాలి పైన. రాత్రి నూనె రాస్తే పొద్దుటికి నాని, పొరలు పొరలుగా చేత్తోనే ఊడొస్తుందంట. కత్తి పెడితే రక్తం వస్తుందంట. ఇదిగో."

క్యారేజీ సంచిలోంచి చిన్న మూట తీసింది. పాడైన లేసు ముక్కలో చుట్టి ఉంది. విప్పింది. బొటనవేలి గోరంత గోధుమరంగు పెంకులు నాలుగు.

"శనివారం ఒలిచినవండి. జేబులో పెట్టుకుంటాడు. ఆ వాసనకి గుర్రం మచ్చికవుతుందని వాడి నమ్మకం. నిన్న చొక్కా ఉతకబోతే దొరికాయి. ఛీ, చర్చికి ఇవి వేసుకుపోతావా అని తిట్టాను. ఇవాళ మర్చిపోయాడని తెచ్చానండి."

ప్రిస్కిల్లా ఆ పెంకుల్ని అరచేతిలో వేసుకుంది. తిప్పి తిప్పి చూసి, మళ్ళీ మూటగట్టి ఇచ్చింది.

"ఇంకా ఏం చేస్తాడు కాళ్ళకి?"

"చీలమండ వెనక వెంట్రుకల్లో చిన్న కొమ్ములాంటిది ఉంటుందంట. అది పెరిగితే చివర తీస్తాడు. గిట్ట అడుగున ముక్కోణంగా మెత్తటి భాగం ఉంటుందంట, ఫ్రాగ్ అంటాడు వాడు. మన బురదకి అది నల్లగా కుళ్ళి కంపు కొడుతుందని రోజూ గీకి, కడిగి, ఆరబెడతాడు. శనివారం శనివారం ఫొటోలు తీసి రాజుగారికి పంపుతాడు."

"ప్రతి శనివారం?"

"మూడేళ్ళుగానండి. ఒక్కసారన్నా బాగుంది అనలేదమ్మా అని నొచ్చుకుంటాడు."

ప్రిస్కిల్లా గుమ్మం పక్కన చూసింది. ఖాళీగా ఉన్న చెక్క అరని వేలితో తట్టింది.

"ఇక్కడేం ఉంటాయి?"

"గంబూట్లండి. రాగానే చెప్పులిక్కడ విడిచి అవి వేసుకుంటాడు. పాములకి భయపడి నేనే కొనిపించాను."

దేవకుమారి అర దగ్గరకొచ్చింది. అందులో ఏమీ లేదు.

"అమ్మా, ఆరోన్ షెడ్డులోంచి గట్టుకి గంబూట్లతో వెళ్ళాడు. మరి చెప్పులు గట్టు మీదికి ఎలా నడిచాయి?"

దేవకుమారి ఖాళీ అరలో చెయ్యి పెట్టి తడిమింది. 

"దూకేవాడు చెప్పులు చేత్తో పట్టుకెళ్ళి వరసగా పెట్టడు. ఎవరో మనం అలా అనుకోవాలని పెట్టారు. అందుకే వల వెయ్యలేదు. అబ్బాయి నీళ్ళలో లేడు."

"మరి ఎక్కడున్నాడండీ?" బతికే ఉన్నాడా అని అడగబోయింది. అడిగితే లేడనే జవాబు వస్తుందేమోనని నాలుక కరుచుకుంది.

"అది ఆ చెప్పులు పెట్టినవాడికి తెలుసు. ఇప్పుడే గట్టిగా అడిగితే ఒట్టి బుకాయింపు. రాముడి ఫోన్ రానివ్వండి. అప్పటిదాకా మీరు చూసిందీ, విన్నదీ ఏదైనా చెప్పండి. చిన్నదైనా సరే."

దేవకుమారి ఆలోచించింది. చూసింది చెప్పులే. విన్నది తన గుండె చప్పుడే. కానీ ఒక వాసన...

"బ్లీచింగ్ అండి," అంది మెల్లగా. "ఆ అప్పాజీగారి దగ్గర బ్లీచింగ్ వాసన. మేం లేసు తెల్లబడ్డానికి ఆ నీళ్ళలోనే చేతులు నానేసుకుంటాం. పొరపాటు పడనండి."

ప్రిస్కిల్లా చటుక్కున గుమ్మం వైపు తిరిగింది. అదే నిమిషంలో ఫోన్ మోగింది. రాముడు. ఆమె విన్నది. "ఊఁ" అంది రెండుసార్లు. పెట్టేసింది.

ఎనిమిది నలభై.

గట్టు మీదికి అప్పాజీ పిలిపించిన జేసీబీ అప్పుడే వచ్చేసింది. గొయ్యి సగం అయింది.

"ఆపండి," అంది ప్రిస్కిల్లా.

"పదకొండన్నాను గానీ, మేడమ్ గారూ, తొందరగా అయిపోతే..."

"రాజుగారూ, మీ ఫోన్ ఇవ్వండి. ఆరోన్ మెసేజ్‌లు తెరవండి."

వెంకటరాజు అయోమయంగా తెరిచాడు. పై నుంచి కింది దాకా ఫొటోలే. అన్నీ మసగ్గా. ఒక్కటి కూడా డౌన్‌లోడ్ చెయ్యలేదు.

"ఇవేంటో వాడు వారం వారం పంపుతూనే ఉంటాడండి," గొణిగాడు. "కాళ్ళు. గుర్రం కాళ్ళేం చూస్తాం?"

"ఆఖరిది నొక్కండి."

శనివారం, సాయంత్రం అయిదు నలభై రెండు. ఫొటో స్పష్టమైంది. నల్లటి కాలు లోపలివైపు, మోకాలి పైన, కాయ పొర ఒలిచిన చోటు నున్నగా, చర్మంతో సమంగా ఉంది. రెండో ఫొటోలో చీలమండ వెనక కొమ్ము మొన, కందిగింజంత. మూడోదాంట్లో గిట్ట అడుగు. ముక్కోణపు భాగం బిగువుగా, పొడిగా, ఎక్కడా నలుపు లేకుండా.

"ఇప్పుడు ఒక బకెట్ నీళ్ళు."

చుట్టూ చేరిన మనుషుల్లో ఒకడు నీళ్ళు తెచ్చాడు. ప్రిస్కిల్లా చేతిరుమాలు ముక్కుకి కట్టుకుని కళేబరం ముందు కాలు మీద నీళ్ళు పోసింది. బురద జారింది.

కాయ వేలెడు మందాన, చెట్టు బెరడులా పగుళ్ళిచ్చి వేలాడుతోంది. చీలమండ వెనక కొమ్ము పొడుగ్గా పెరిగి వంకర తిరిగింది. కాలు ఎత్తించింది. గిట్ట అడుగున ముక్కోణం నల్లగా కుళ్ళి, అంచులు చిరిగి, వేలు పెడితే దిగిపోయేలా ఉంది.

"శనివారం సాయంత్రం ఒలిచిన కాయ సోమవారం పొద్దుటికి వేలెడు పెరుగుతుందా రాజుగారూ?"

వెంకటరాజు ఫోన్ వంక చూశాడు. కాలు వంక చూశాడు. మళ్ళీ ఫోన్ వంక.

"ఇది... నా కాటుక కాదు!"

"కాదు. నెలల తరబడి ఎవరూ కాళ్ళు ముట్టని గుర్రం ఇది. రంగు కలిసింది, పట్టీ మార్చారు, మొహం కాలువ చూసుకుంది. మీరు కాళ్ళు చూడరని మేనేజరుకి తెలుసు. ఆరోన్ మొదట చూసేది కాళ్ళేనని గుర్తు రాలేదు. పొద్దున్న ఆరుంబావుకి చూసేశాడు. ఏడ్చి ఉండడు. ఇది మన గుర్రం కాదని మేనేజర్‌కే చెప్పి ఉంటాడు."

అందరూ అప్పాజీ వైపు తిరిగారు.

"రేవులో రాముడు కనుక్కున్నాడు. ఆదివారం చర్చి టైములో తొమ్మిదిన్నర పంటు పడవ మీద మూత వేసిన ట్రక్కు గోదావరి దాటింది. లోపల గుర్రం సకిలించింది. పంటు మీది జనమంతా నవ్వారు, అందుకే గుర్తుంది. ట్రక్కు పక్కన మీరు. మూడింటికి అదే ట్రక్కు తిరిగొచ్చింది. ఈసారి సకిలింపు లేదు, బరకం పట్టా కింద ఏదో పెద్ద బరువు మాత్రం ఉంది. కాటుకని ఎక్కడికి చేర్చారు?"

అప్పాజీ మొహం పాలిపోయింది. "యానాం దగ్గర... పెళ్ళిగుర్రాలవాళ్ళకండి. చచ్చింది వాళ్ళదే. బాబూ రాజుగారూ..."

వెంకటరాజు చెయ్యెత్తాడు. ప్రిస్కిల్లా ఆ చెయ్యి పట్టుకుంది. "తర్వాత. అప్పాజీగారూ, గోడౌన్ తాళంచెవి పోయి వారమైతే, ప్యాంటుకి ఆ బ్లీచింగ్ పొడి ఎలా అంటింది?"

దేవకుమారి అప్పటికే పరిగెడుతోంది.

రొయ్యల చెరువు పక్కన రేకుల గోడౌన్. ఎండ అప్పుడే రేకుల మీద పేలుతోంది. పక్కన జనరేటర్ మోత. లోపల ఎవరు అరిచినా వినపడదు.

"ఆరోన్! నాన్నా! ఒరేయ్!"

తలుపు కింద సందులోంచి ఘాటు వాసన. కళ్ళు మండాయి. వెనకే పరిగెత్తుకొచ్చిన జేసీబీ డ్రైవరు గునపంతో తాళం మీద కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. గొళ్ళెం ఊడింది.

చిరిగిన బ్లీచింగ్ బస్తాల మధ్య ఆరోన్ బోర్లా పడి ఉన్నాడు. మొహం తలుపు సందుకి ఆనించి ఉంది. కాళ్ళకి గంబూట్లు. కదల్లేదు.

బయటికి ఈడ్చారు. ప్రిస్కిల్లా మొహం మీద నీళ్ళు కొట్టింది. వీపు చరిచింది. అంబులెన్స్‌కి ఎవరో ఫోన్ చేస్తున్నారు.

దేవకుమారి ఒక్కో చరుపూ లెక్కపెట్టింది. ఆమె బుర్రలో శవపేటిక వచ్చింది, చర్చి గంట వచ్చింది, తెల్లబట్ట వచ్చింది.

దగ్గు వచ్చింది.

ఆరోన్ మళ్ళీ దగ్గాడు. ఎర్రబడ్డ కళ్ళు తెరిచాడు. గొంతు బొంగురుపోయింది.

"అమ్మా... అది కాటుక కాదే. కాళ్ళు..."

"తెలుసులేరా." కొంగుతో మొహం తుడిచింది.  "తెలిసింది. నోరు మూసుకుని ఊపిరి తీసుకో."

వెంకటరాజు దూరంగా నిలబడి ఫోన్‌లో ఫొటోలు ఒక్కొక్కటే తెరుస్తున్నాడు. మూడేళ్ళవి.

పది ఇరవైకి ప్రిస్కిల్లా ఫోన్ మోగింది. యానాం దగ్గర నల్లగుర్రం దొరికింది. కానీ ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు, ట్రక్కు ఎక్కట్లేదు, ఒకణ్ణి తన్నింది.

"నేను వెళ్ళాలి," అన్నాడు ఆరోన్, అంబులెన్స్ మెట్టు మీద కూర్చుని.

"ముందు ఆసుపత్రి," అంది ప్రిస్కిల్లా. "డాక్టరు సరేనంటే సాయంత్రం జీపులో."

అందరూ దేవకుమారి వద్దంటుందనుకున్నారు. మూడేళ్ళుగా ఆమె అంటున్న మాట అదే కదా, ఆ గుర్రాల కొలువు మానెయ్యరా అని.

ఆమె క్యారేజీ సంచిలో చెయ్యి పెట్టింది. లేసు ముక్కలో చుట్టిన మూట తీసి, కొడుకు చొక్కా జేబులో కుక్కి, పైనుంచి రెండుసార్లు తట్టింది.

"ఇవి లేకుండా పోతే తంతుంది," అంది. "మళ్ళీ మర్చిపోకు."