మాట అందించే మనిషి

ఈ మతిమరుపు జబ్బు కొందరి ఇళ్లకే ఎందుకొస్తుందన్న అనుమానం శారదాదేవిని కొన్నేళ్లుగా వదల్లేదు. ఫిల్మ్ నగర్‌లో ఆమెకు తెలిసిన ఇళ్లలోనే ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు దాని పాలబడ్డారు. రహమత్ నగర్ నుంచి పనికి వచ్చే దేవమ్మేమో తమ బస్తీలో ఆ మాటే వినలేదంటుంది. గుడి మండపంలో వైద్యశిబిరం పెట్టినప్పుడు ఓ డాక్టరమ్మ ఇంకోలా చెప్పింది. ఈ జబ్బు అన్ని వర్గాల్లోనూ ఒకేలా ఉండదట, చదువు అందనివాళ్లలోనే ఎక్కువట. మరి ఇదేం లెక్కో ఆ దేవుడికే తెలియాలి. చదువుకున్నవాళ్లకు తక్కువన్న ముక్కను మాత్రం శారదాదేవి భద్రంగా దాచుకుంది.

ఆ ఉదయం ఆమె పూజ ముగించి వచ్చేసరికి భర్త సుబ్బరామయ్య చేయి కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఏళ్ల తరబడి స్టూడియోల్లో ప్రాంప్టర్‌గా చేసిన మనిషి. కెమెరా పక్కన నిలబడి పెద్ద పెద్ద హీరోలకు డైలాగులు అందించేవాడు.

"మామయ్యా, ఇప్పుడు టిఫినేం తిన్నారు?" అడిగింది కోడలు శ్రీనిధి.

ఆయన భార్య వైపు చూశాడు. "పెసరట్టు" అందామె, పెదవి కదిలీ కదలకుండా.

"పెసరట్టమ్మా! అల్లం పచ్చడి బ్రహ్మాండం."

శ్రీనిధి చేతిలోని గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. "పెసలు నానబెట్టడం మర్చిపోయి ఉప్మా చేశాను అత్తయ్యా. మీరు పూజలో ఉండి చూసుకోలేదు."

శారదాదేవి బిత్తరపోయింది.

"పోయిన నెల క్లినిక్‌లోనూ ఇంతేగా! డాక్టరు అడగడం, మీరు గొణగడం. బాగానే ఉన్నారని రాసిచ్చారు. పాసైంది మీరు, మామయ్య కాదు. మొన్న స్టూడియో గేటు దగ్గర 'షాట్ రెడీయా' అని అడుగుతుంటే వాచ్‌మన్ పట్టుకొచ్చాడు. రేపు నడిరోడ్డు మీద నిలబడిపోతే ఎవరందిస్తారు?"

"అందరికీ మాటలు అందించిన మనిషే. ఆయన నోరు తడుముకుంటుంటే నలుగురూ నవ్వరూ?"

"నవ్వనివ్వండి. వైద్యం మొదలవుతుంది కదా!"

గిన్నెలు తోముతున్న దేవమ్మ అటు తిరిగింది. "దానికి వైద్యమేందమ్మా? మా అత్త రోజూ నన్నే 'ఎవరు బిడ్డా నువ్వు' అంటది. బువ్వ తిని, తినలేదని లొల్లి పెడ్తది. ముసల్తనం, గంతే. మా దిక్కు గిసొంటి బీమార్లు లేవు."

శారదాదేవికి ఇన్నేళ్ల అనుమానం అక్కడికక్కడే విడిపోయింది. దేవమ్మ ఇంట్లో ఆ జబ్బుకు పేరు లేదు. తన ఇంట్లో పేరుంది, దాన్ని తనే కప్పిపెట్టింది. ఇలాంటి ఇళ్లు తిరిగి ఎవరు లెక్క రాసుకున్నా ఏం తేలుతుంది? ఏడుపు రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టయింది.

"కారు తియ్యి శ్రీనిధీ," అంది. "దేవమ్మా, రేపు మీ అత్తను కూడా తీసుకెళ్దాం."

"రేపా? జర ఆగుండ్రి. మా ఆయన్ను అడగాలె."

జూబ్లీహిల్స్ క్లినిక్‌లో డాక్టరు శారదాదేవిని చూపించి, "ఈవిడెవరండీ?" అని అడిగాడు.

సుబ్బరామయ్య అలవాటుగా భార్య వైపు తిరిగాడు. ఆమె పళ్లు బిగబట్టింది. ఆయన కళ్లు ఆమె పెదవుల మీదే ఆగి, ఎదురుచూసి, అలసిపోయాయి.

"ఈవిడ నాకు మాటలందిస్తారండీ," అన్నాడు చివరికి, ఎంతో మర్యాదగా.

డాక్టరు రాసుకున్నాడు. శ్రీనిధి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తనది కానట్టే అనిపించింది శారదాదేవికి.

ఇంటికి తిరిగొచ్చాక సుబ్బరామయ్య గుమ్మం ముందు ఆగిపోయాడు. "ఎవరిల్లండీ ఇది? చెప్పకుండా లోపలికి వెళ్తే ఏం బాగుంటుంది?"

పెళ్లయి శారదాదేవి అత్తవారింట అడుగుపెట్టిన రోజున ఆడపడుచులు గడపకు అడ్డం నిలబడ్డారు. మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామన్నారు. సిగ్గుతో ఆమెకు నోరు పెగల్లేదు. "పోనీలే, బాకీ ఉంచుకో వదినా, ఎప్పటికైనా తీర్చాల్సిందే" అని నవ్వి దారిచ్చారు. ఆ తర్వాత 'ఏవండీ', 'మావారు' అనడంతోనే కాలం గడిచిపోయింది. ఆ పేరు ఆమె నోట ఒక్కసారీ రాలేదు.

శారదాదేవి ఆయన చెయ్యి పట్టుకుంది. ఈసారి గొణగలేదు. ఇంట్లో ఉన్న దేవమ్మకు కూడా వినబడేలా అంది:

"నేను, మా ఆయన సుబ్బరామయ్యగారు వచ్చాం. దారివ్వండి."

అప్పుడు తిరిగాయి ఆమె కళ్లలో నీళ్లు. సుబ్బరామయ్య తృప్తిగా తలాడించి, కుడికాలు లోపల పెట్టాడు.