నాలుగు వేల ‘రన్’లు

“డాక్టర్ లీబెన్ దాక్కున్న చోటు శత్రువు మనిషికి తెలిసిపోయింది ప్రీస్,” అన్నాడు ఫోనులో కర్నల్ బ్లైత్. “మన గూఢచారి శాఖ నుంచే పొక్కింది. ఆ చిరునామా ఇవాళ మీ నిఘంటువు చీటీల్లో కలిసి బయటికి పోతోంది.”

“కట్టను ఆపేస్తే సరిపోదా సార్?”

“ఆపితే దొంగ ఇంకో దారి చూసుకుంటాడు. తెల్లారేసరికి లీబెన్ ఉండడు. నాకు చీటీ కావాలి, రాసిన మనిషీ కావాలి. ఐదింటికి టపా బండి. ఇప్పుడు రెండున్నర.”

ఫోను పెట్టేసి ఎడ్గర్ ప్రీస్ తల పట్టుకున్నాడు. శత్రు దేశం నుంచి లీబెన్‌ను సరిహద్దు దాటించి ఇంగ్లండుకు తెచ్చింది తనే. రైల్లో ఆ ముసలాయన దారి పొడుగునా తన చెయ్యి వదల్లేదు. ఇక్కడ నీ జోలికి ఎవరూ రారని మాటిచ్చిందీ తనే.

లండన్‌లో ఆ నిఘంటువు ఆఫీసులో ప్రీస్ గుమాస్తా వేషం కట్టి మూడు నెలలైంది. దేశం నలుమూలల నుంచీ పుస్తకాల పురుగులు తాము చదివిన వాక్యాలను పుస్తకం పేరు, పేజీతో సహా చీటీల మీద రాసి పంపుతారు. ఇక్కడ వాటిని అర్థాల వారీగా కట్టలు కట్టి, శుక్రవారం శుక్రవారం బ్రిస్టల్‌లో ఉన్న ఒక రిటైరైన మాస్టారికి పంపుతారు. ఆ మాస్టారు శత్రువు మనిషని కర్నల్‌కు తెలుసు. లోపలి మనిషి ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ శుక్రవారం కట్ట ‘రన్’ అనే మాటది. నాలుగు వేల చీటీలు!

ప్రీస్ చదవడం మొదలుపెట్టాడు. గుర్రం పరిగెత్తింది, రన్. ముక్కు కారింది, రన్. ఏరు పారింది, దుకాణం నడిచింది, రంగు వెలిసింది, ఎవడో ఎన్నికల్లో నిలబడ్డాడు, అన్నీ రన్నే. కోళ్ళు తిరిగే కంచె కూడా రన్నేనట. ఒక్క మాట నెత్తిన ఇంత చాకిరీ వేసిన జాతి ప్రపంచం మొత్తాన్నీ ఏలిందంటే ఆశ్చర్యమేముంది అనుకుని పళ్ళు కొరికాడు. నాలుగింటికి ఇంకా పదిహేను వందలు మిగిలాయి. అక్షరాలు అలుక్కుపోతున్నాయి, మెడ పట్టేసింది.

“టీ తాగవోయ్. పేలిపోయేలా ఉన్నావ్,” అంటూ కప్పు పెట్టింది సీలియా వార్న్. ఆ బూజు పట్టిన ఆఫీసులో ఎర్ర లిప్‌స్టిక్ వేసుకునే మనిషి ఆమె ఒక్కతే. టైపిస్టు వేషంలో కర్నల్ పంపిన రెండో ఏజెంట్. వచ్చి మూడు వారాలు.

“టిల్నీ గారేరీ? కొత్త చీటీలేవో ఆయనకే తెలుసు,” అన్నాడు ప్రీస్.

“పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడుగా. ఇవాళ రాడు.”

ప్రీస్ బల్ల గుద్దాడు. మూడు నెలలుగా ప్రాణం తీసిన ముసలి సంపాదకుడు, అవసరమైన రోజునే మాయం!

ఐదు కొట్టింది. కింద టపా బండి హారన్ మోగింది. ప్రీస్ ఆఖరి కట్ట తిరగేశాడు. ఏమీ లేదు. ఆ క్షణంలో అతనికి ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడవాలనిపించింది.

“ఇక ఇచ్చెయ్. ఆపితే దొంగకు అనుమానం వస్తుంది,” అని సీలియా కట్టలు సంచిలో వేసి మెట్ల వైపు నడిచింది.

తలుపు దడాల్న తెరుచుకుంది. ఆంబ్రోస్ టిల్నీ! బుగ్గ బూరెలా వాచి ఉంది. చేతిలో ఒక చీటీ.

“ఈ వెధవ పని ఎవరిదయ్యా?” అని అరిచాడు. “‘హోల్మ్ మిల్లు వెనక పన్నెండో ఇంటి గోడ వెంట వాగు పారును.’ రెండు వందల పధ్నాలుగో పేజీ అట! లైబ్రరీకి వెళ్ళి చూశాను. ఆ పుస్తకం నూట తొంభైకే అయిపోయింది!”

“మరి మీ పన్ను, సార్?” అంది సీలియా, ప్రీస్ వెనక్కి జరుగుతూ.

“పన్ను రేపైనా పీకించుకోవచ్చమ్మా. సరిచూడని వాక్యం నా గడప దాటుతుందా? నలభై ఏళ్ళలో ఒక్కటి దాటలేదు.”

హోల్మ్ మిల్లు, పన్నెండో ఇల్లు. లీబెన్ ఇల్లు అదే. ప్రీస్ చీటీ అందుకోవడానికి ముందుకు వంగాడు. అతని కళ్ళజోడు అంచుల్లో వెనక జరిగేది కనిపించే సన్నటి అద్దాలున్నాయి. వాటిలో సీలియా సంచి జారవిడిచి లిప్‌స్టిక్ మూత తీస్తోంది. అందులోంచి బయటపడింది రంగు కాదు, తుపాకీ గొట్టం.

వెనక్కి తిరుగుతూనే ప్రీస్ బల్ల మీదున్న చీటీల సొరుగు ఎత్తి ఆమె మణికట్టు మీద కొట్టాడు. గుండు సీలింగులో దిగింది. పెనుగులాటలో సంచి చిరిగింది. వేల చీటీలు గదంతా ఎగిరాయి.

“మూడు వారాలు ఇక్కడ పని చేశావు,” అన్నాడు ప్రీస్, ఆమె చేతులు టపా దారంతోనే కడుతూ. “ఈయన సరిచూస్తాడని తెలిసీ పుస్తకంలో లేని వాక్యం ఎలా రాశావు?”

“టైము లేదు. చిరునామా ఇవాళ పొద్దున్నే తెలిసింది. పైగా...” టిల్నీ వైపు మండిపడుతూ చూసింది. “పన్ను నొప్పితో లైబ్రరీకి పోయేవాడు ఉంటాడనుకోలేదు.”

కర్నల్ మనుషులొచ్చి ఆమెను తీసుకుపోయారు. లీబెన్‌ను ఆ సాయంత్రమే మరో ఇంటికి మార్చారు. బ్రిస్టల్ మాస్టారినీ పట్టుకున్నారు. ప్రీస్ కోటు తొడుక్కుంటుంటే టిల్నీ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

“ఎక్కడికి నాయనా?”

“నా పని అయిపోయింది సార్. నేను అసలు గుమాస్తాను కాదు, ప్రభుత్వ గూఢచారిని.”

“అలాగా, సంతోషం,” అని టిల్నీ వాచిన బుగ్గ పట్టుకుని నేల మీది చీటీలు చూపించాడు. “గుర్రాల దగ్గర నుంచి మొదలుపెట్టు. ముక్కులు నేను చూసుకుంటాను.”