నీళ్లకి కూడా ట్యూమరా?

ముందే ఒప్పేసుకుంటున్నా: ఈ కథలో ఒక్క తుపాకీ కూడా పేలదు. భయం మాత్రం అసలుదే.

"ఫ్రీజర్ చప్పుడు చేస్తోందా?" ఇయర్‌పీస్‌లో బాస్.

"చప్పుడు కాదు సార్, పాడుతోంది."

కోడ్ కలిసింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'పిల్లి' అని పిలిచే ఏజెంట్, మెకానిక్ వేషంలో ల్యాబ్‌లోకి అడుగుపెట్టింది.

మనందరి ఒంట్లో నిద్రపోయే ఒక మామూలు వైరస్‌కీ, మెదడు ట్యూమర్లకీ లింకుందా అని ఆ ల్యాబ్ వెతుకుతోంది. ఇంకా ఏదీ తేలలేదు. తేలిపోయిందని దొంగ రిజల్ట్ బయటపెట్టి, జనాన్ని హడలగొట్టి, తమ మందు అమ్ముకోవాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. ప్రకటన ఈ మధ్యాహ్నమే. ఆపాలి.

సింపులే, ఆ ఫ్రీజర్‌లో తన అక్క లేకపోతే. అక్కంటే, ఆమె మెదడులోంచి తీసిన చిన్న ట్యూమర్ ముక్క. అక్క పోయాక మిగిలింది అదే.

ఫ్రీజర్ తలుపు తీయగానే తెల్లటి చలి మొహాన కొట్టింది, ఎవరో చెవి పక్కనే ఊపిరి వదిలినట్టు.

"వచ్చావా చెల్లీ?"

పిల్లి గిర్రున తిరిగింది. ఎర్ర లిప్‌స్టిక్, ముత్యాల లోలాకులు. ఈ ల్యాబ్ డాక్టర్ మేడమ్! ఇన్నాళ్లూ డిపార్ట్‌మెంట్‌కి సమాచారమిచ్చింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ వేలు కీబోర్డు మీదుంది.

"రెండు పడవల మీద కాళ్లన్నమాట!"

"ఒకే పడవైతే బోర్ కొడుతుందమ్మా. ఇటు చూడు. అన్ని ట్యూమర్లలోనూ వైరస్సే. మీ అక్కలో కూడా. 'నాకే ఎందుకొచ్చిందే' అని అడుగుతూ పోయిందటగా? ఇదిగో జవాబు. ఇకనైనా నిద్రపో."

జేబులో ఉన్న, సిగ్నల్ ఆపేసే జామర్ దాకా వెళ్లిన పిల్లి చేయి ఆగిపోయింది. ఎన్నాళ్లుగానో ఆ ప్రశ్న తన పక్కలోనే పడుకుంటోంది. జవాబు దొరికితే చాలు, అబద్ధమైనా...

స్క్రీన్ మీద ఒక్కో ట్యూబ్‌కి ఒక్కో గీత, వైరస్ ఉంటే పైకి లేస్తుంది. గీతలన్నీ లేచాయి. చివరిది కూడా.

"అదెవరిది మేడమ్?"

"అదా... ఎవరిదీ కాదు."

పిల్లికి బ్రీఫింగ్ గుర్తొచ్చింది. ప్రతి టెస్టులోనూ ట్యూమర్ల పక్కన ఒక ట్యూబ్‌లో ఉత్త నీళ్లు పెడతారు. అందులో ఏమీ కనిపించకూడదు. ముఠా మనిషి తొందరలో, అన్ని ట్యూబుల్లోనూ పోసే టెస్టు రసాయనంలోనే వైరస్ కలిపేశాడన్నమాట.

"నీళ్లకి కూడా ట్యూమరొచ్చిందా మేడమ్?"

ఎంటర్ మీద మేడమ్ వేలు పడింది. జామర్ మీద పిల్లి బొటనవేలు. స్క్రీన్ 'సెండింగ్' దగ్గరే బిగుసుకుపోయింది.

గార్డులు మేడమ్‌ని తీసుకెళ్లాక, పిల్లి అక్క ట్యూబ్ వెతికి తీసింది. ఖాళీ. ఆ దొంగ టెస్టుకే ముక్కంతా వాడేశారు. అక్కకే ఎందుకొచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు.

"శభాష్! ఏం కావాలో కోరుకో," అన్నాడు బాస్.

"కారణం కావాలి సార్."

"అది మన స్టోర్‌లో ఉండదమ్మా. సెలవు కావాలంటే ఇస్తా."

మీ ఇంట్లో కూడా ఎవరైనా 'నాకే ఎందుకు' అని అడిగారా? మీరేం చెప్పారు? కింద రాయండి. పిల్లి సెలవులోనే ఉంది, అన్నీ చదువుతుంది.