రసమట్టం చూపిన దారి

పాత కోటగోడ విప్పుతుంటే తాపీమేస్త్రి ఓబులేసుకు ఒక రాగిరేకు దొరికింది. దానిమీద ఎర్రమల గుహ, గుహ లోపల ఒక కుండ గీసి ఉన్నాయి. మూడోరోజుకే భార్య తిప్పమ్మను, తమ్ముడు మద్దిలేటిని వెంటబెట్టుకుని గుహలో దిగాడు. పాలు తాగే బిడ్డను అత్త దగ్గర వదిలి వచ్చిన తిప్పమ్మకు మొదటి అడుగు నుంచీ ధ్యాసంతా ఇంటిమీదే.

కుండ కనపడింది. టార్చి వెలుతురుకు అంచుదాకా పసుపుపచ్చగా మెరిసింది. కుండకూ వాళ్లకూ మధ్య నేలలో ఒక చీలిక. ఒక్క అంగే కదా అని ఓబులేసు దూకాడు. అది రెండంగలుంది. కిందపడి మడమ విరిగింది. ఇద్దరూ అతణ్ణి పైకి లాగేసరికి బయట వాన పట్టుకుంది. వచ్చిన దారి నిండా ఎర్రనీళ్లు తోసుకొచ్చాయి.

ముందు రెండు సొరంగాలు. కుడిది పైకి ఎక్కుతున్నట్టుంది, ఎడమది కిందికి దిగుతున్నట్టుంది. మనిషిని మోసుకుంటూ ఒక్కదాంట్లోకి పోయేందుకే వ్యవధి ఉంది. మద్దిలేటి అన్నను వీపునెత్తుకుని కుడివైపు తిరిగాడు.

తిప్పమ్మ కదల్లేదు. అక్కడి రాతిపొరలన్నీ ఒక పక్కకే వాలి ఉన్నాయి. తిన్నని గీత ఒక్కటీ లేదు. తను బడి మానేసిన ఏడో తరగతిలో ఒకరోజు టీచరు బోర్డుమీద రెండు గీతలు గీసింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అన్నారు పిల్లలంతా. స్కేలు పెడితే రెండూ సమానం. దీన్నే దృష్టిభ్రమ అంటారు, ఇది కంటి జబ్బు కాదు, చుట్టూ ఉన్నవాటిని చూసి మనసు తప్పు లెక్క కడుతుంది, అనుమానమొస్తే కొలిచి చూడండి అని చెప్పింది.

తిప్పమ్మ భర్త పనిసంచిలోంచి, గోడల వాలు చూసే రసమట్టం తీసి ఎడమ సొరంగం నేలమీద ఆనించింది. గాజులో బుడగ ఎప్పుడూ ఎత్తున్న వైపే పోతుంది. అది సొరంగం లోపలి వైపుకు జరిగింది.

"ఇట్ల రా, మద్దిలేటీ."

"అది దిగుడు గదా వదినా. కండ్లు కనపడ్లేదా నీకు?"

"కనపడతాండాయి. అందుకే నమ్మను."

ఓబులేసు మూలుగుతూనే అన్నాడు. "గోడలు ఆ రసమట్టాన్ని నమ్మే కడతాండాం గదరా. పద."

కంటికి పాతాళంలోకి పోతున్నట్టే ఉంది. పిక్కలు మాత్రం గుట్ట ఎక్కుతున్నట్టు లాగాయి. మోకాళ్లదాకా ఉన్న నీళ్లు మడమలకు దిగాయి, తర్వాత పొడినేల తగిలింది. వెనక కుడి సొరంగం గుడగుడమంటూ నీళ్లు మింగుతోంది.

వాళ్లు బయటికొచ్చేసరికి వాన వెలిసింది. నీళ్లు తీసినాక కుండకోసం మళ్లీ వద్దామని మద్దిలేటి మెల్లగా కదిపాడు. బంగారమేనని ఎట్లా తెలుసని అడిగింది తిప్పమ్మ.

"మెరిసింది గద వదినా."

ఆమె భర్త వాచిన మడమకు పైటచెంగు చించి కడుతోంది.

"మీ అన్నకు ఆ చీలిక గూడా ఒక్క అంగ మాదిరే కనపడింది" అంది. ముడి బిగించి లేచింది. "పదండి. బిడ్డ పాలకు ఏడుస్తాంటాది."