అరుగు లేని కాటేజీలు

ఫోన్‌లో మెసేజ్ చదవగానే గంగాభవాని కెవ్వుమంది. పెనం మీది దోసె సంగతే మరిచిపోయి వంటింట్లో గిరగిరా తిరిగింది.

"ఏటే గుంటా, తేలు గానీ కుట్టిందేటి?" అత్తగారు రత్నాలు పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, యువ ఆర్కిటెక్టుల వ్యాసాల పోటీలో నాది ఎంపికైంది! వచ్చే నెల పత్రికలో వేస్తారట!"

రత్నాలు గుప్పెడు పంచదార తీసి కోడలి నోట్లో పోసింది. పెళ్లై రెండు నెలలే. అరకు చలీ, గుమ్మందాకా వచ్చే మంచూ, అత్తగారి కేకలూ అన్నీ భవానికి ముద్దుగానే ఉన్నాయి.

"ఏదీ, చదువు. నేనూ వింటాను," అన్నాడు భర్త దేవీప్రసాద్ స్నానం చేసొచ్చి తల తుడుచుకుంటూ.

భవాని తడబడింది. "మీ కాటేజీల గురించేనండీ..."

ఊరి చివరి ఆ టూరిస్టు కాటేజీలు ఆర్కిటెక్టుగా అతను సొంతంగా చేసిన మొదటి పని. ఆమె మెల్లగా చదివింది. "కొండ ఇంటి ఆకారం తెచ్చారు, అరుగును వదిలేశారు. అతిథి టీ కప్పుతో మంచులో నిలబడే ఉంటాడు. కూర్చోమనని ఇల్లు ఇల్లెలా అవుతుంది?"

దోసె మాడిన వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు.

"వెయ్యొద్దని రాసెయ్," అన్నాడు ప్రసాద్. "రెండో వరస కాటేజీల పని ఇంకా నా చేతికి రాలేదు. ఓనరు ఇది చూస్తే వేరేవాణ్ణి పెట్టుకుంటాడు."

"పేరు రాయలేదుగా."

"అరకులో ఎవరికి తెలీదు?"

భవానికి ఉక్రోషం వచ్చింది. "కాలేజీ క్యాంటీన్లో గోడపత్రిక పెట్టిందెవరు? 'పొగడ్తలు మీ అమ్మ చేత రాయించుకోండి, ఇక్కడ లోపాలు రాయండి' అని జూనియర్ల వెంటపడింది నువ్వు కాదూ?"

అనేసి నాలుక్కరుచుకుంది. అత్తగారి ముందు భర్తని ఎప్పుడూ 'మీరు' అనే అంటుంది.

"అప్పుడవి కాగితం మీది ఇళ్లు భవానీ. ఇది మన తిండి."

రత్నాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒరే, ఆరోజు ఫోన్ సేసి ఏటన్నావు? 'అమ్మా, ఒక గుంట గోడపత్రికలో నేను గీసిన బస్టాపుని ఉతికి ఆరేసినాదే' అన్నావు. ఏడుత్తావనుకున్నాను. అరగంట దాని గురించే సెప్పినావు. ఇదే నా కోడలని అప్పుడే అనుకున్నాను."

ప్రసాద్ నవ్వాపుకోబోయి ఓడిపోయాడు. అన్నీ గుర్తొచ్చాయి: ఆ వానసాయంత్రం, చల్లారిన సమోసాలు, సిరా అంటిన ఆమె వేళ్లు, క్యాంటీన్ మూసేదాకా తెగని వాదన. ఆ కాలేజీ వదిలాక తన బొమ్మల గురించి నిజం చెప్పినవాళ్లెవరు? అందరూ "బాగుంది సార్" అనేవాళ్లే.

"అరుగులు గీశాను భవానీ," అన్నాడు నెమ్మదిగా. "ఇంకో గది పడుతుందని ఓనరు తీయించేశాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

ఆమె కళ్లు నిండాయి. ఒకే కంచంలో తింటూ, పక్కనున్న మనిషిని ఒక్క మాట అడక్కుండా తీర్పు రాసేసింది. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆపమంటావా, ప్రసాద్?"

"వద్దు. తీయించేసిన సంగతి కూడా కలిపి పంపు. రేపు పొద్దున్నే ఇద్దరం ఓనరు దగ్గరికి వెళ్దాం. రెండో వరసకి అరుగుల బొమ్మ నేను చూపిస్తాను, వ్యాసం నువ్వు చదివి వినిపించు. పని ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. అచ్చులో చూసేలోపు ఆయన మన నోటే వినాలి."