గిరగిరా తిరిగిన "వద్దు"

"నాన్నా, నీ కుట్టుమిషన్ల కొట్టు అద్దెకిచ్చేస్తున్నా. మధ్యాహ్నం వాళ్లొస్తారు. నీకేమైనా అభ్యంతరమా?" బూట్లు తొడుక్కుంటూ అడిగాడు కొడుకు.

పెద్దాయన కొత్త ఫోన్ తీశాడు. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయన మాటంతా టైపు చేసేదే. పాత ఫోన్‌కి బటన్లుండేవి, వేళ్లకి దారి తెలిసేది. ఇది నున్నటి గాజు. కుట్టుమిషన్లు బాగుచేసి కాయలు కాసిన వేలు ఒక అక్షరం మీద పెడితే పక్కది పడుతోంది.

"గాజు మీద చీమల్ని నలుపుతున్నట్టుందండీ మీ వాలకం!" నవ్వింది భార్య.

"టైమైపోతోంది. మెసేజ్ పెట్టు నాన్నా, బస్సులో చూస్తా," అంటూ కొడుకు వెళ్లిపోయాడు.

గొంతు పోయినవాడికి అభిప్రాయం కూడా పోయిందనుకుంటారు జనం. రెండు నిమిషాలు ఆగడానికి ఎవడికీ తీరికుండదు. ఆయన మాత్రం చెమటలు కక్కుతూ అక్షరం అక్షరం ఏరి, ఇంటి గ్రూపులో పెట్టాడు. పక్కన చిన్న గుండ్రం గిరగిరా తిరుగుతోంది. వెళ్తోందనుకున్నాడు. జవాబు రాలేదు. మళ్లీ రాశాడు. మళ్లీ. "చూశారు, పట్టించుకోలేదు" అనుకుని, పళ్లు కొరుక్కుంటూ అన్నం డబ్బా పట్టుకున్న భార్య వెంట కొట్టుకి నడిచాడు.

అప్పటికే కొడుకు అక్కడున్నాడు. అద్దెకొచ్చినాయన టేపు పట్టుకుని గుమ్మం కొలుస్తున్నాడు.

"తాళాలివ్వు నాన్నా."

పెద్దాయన షట్టర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇప్పుడేంటి ఇది? పొద్దున్న అడిగానుగా! ఒక్క ముక్క అనలేదు. సరేనన్నట్టేగా?"

పెద్దాయన ముఖం జేవురించింది. నేను అనలేదా? ఫోన్ ఎత్తి కొడుకు ముఖం ముందు పెట్టాడు. సరిగ్గా అప్పుడే భార్య సంచిలో టింగుమంది. కొడుకు జేబులో టింగుమంది. ఆగకుండా మోగాయి రెండూ. ఇంట్లో అందని సిగ్నల్ ఇక్కడ అందింది.

భార్య కళ్లద్దాలు సర్దుకుని పైకే చదివింది. "వద్దు. కొట్టు ఇవ్వను. నాకు పోయింది గొంతురా, చేతులు కాదు. మిషన్ బాగుందో లేదో చెవితో వింటాను, నోటితో కాదు. వద్దు. ఒరేయ్, వద్దు."

కొడుకు తండ్రి ఫోన్ లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది వేరే దేశానికి చేసిన ఫోన్. మన నెట్‌వర్క్ సగమే పట్టుద్ది. చవగ్గా వస్తోందని చూడకుండా కొన్నాను..."

"ఫోన్ సంగతి సరే. పొద్దున్న ఆయన టైపు చేస్తుంటే రెండు నిమిషాలు నిలబడ్డావా?" అంది తల్లి. "నేను మాత్రం? నవ్వాను."

పెద్దాయన ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. టైపు చేస్తున్నాడు.

"క్షమించాననేగా రాస్తున్నావు నాన్నా? సాయంత్రం ఫోన్ మారుస్తా, ఇంక..."

"నోర్ముయ్! ఆయన మాట్లాడుతున్నారు," అంది తల్లి.

ముగ్గురూ నిలబడ్డారు. అద్దెకొచ్చినాయన టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. పెద్దాయన వేలు తప్పింది, చెరిపింది, మళ్లీ వెతికింది. ఎవరూ తొందరపెట్టలేదు.

టింగుమంది. కొడుకు చదివాడు. కళ్లు తుడుచుకుని, తండ్రి చేతిలోంచి తాళాలందుకుని వంగాడు.

తెర మీద నాన్న మాట: "షట్టర్ ఎత్తరా. పనుంది."