ఏడో తలుపు దగ్గర మౌన గడియ

మా ఊరికి తలుపులు పద్నాలుగు. పదమూడింటి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఏడో దానికి మాత్రం చెడ్డపేరుంది.

ఊరంటే మీరనుకునే ఊరు కాదు లెండి. నేల కింద తవ్వుకున్న సొరంగాలు, వాటి పొడవునా వరసగా ఇళ్ళు. పైన పీల్చడానికి గాలి లేదు. బయటికి వెళ్ళాలంటే లోపలి తలుపు దాటి ఒక చిన్న గదిలో నిలబడాలి. పంపు ఆ గదిలోని గాలంతా లాగేశాకే బయటి తలుపు తెరుచుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు పంపు మళ్ళీ గాలి నింపాలి. ఈ పంపు సంగతి కాస్త గుర్తుంచుకోండి. దానితో పనుంది.

ఇక్కడ రాత్రి కూడా మామూలు రాత్రి కాదు. సూర్యుడు ఒకసారి దిగాడంటే మా గడియారం ప్రకారం పదకొండు రోజులు కనిపించడు. దాన్నే దీర్ఘరాత్రి అంటాం. ఆ పదకొండు రోజుల్లో, మౌన గడియ నడుస్తుండగా, ఏడో తలుపును బయటి నుంచి ఎవరో తడతారు.

టక్… టక్.

రెండే. కాసేపు ఆగి, మళ్ళీ రెండు.

బట్టలుతికే ఆవిడ ఒకసారి ఆ చప్పుడు విని తడిబట్టల గంప అక్కడే పడేసి పరుగెత్తింది. ఓ వెల్డరు, మనిషి చూస్తే స్తంభంలా ఉంటాడు, మూడు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత దీర్ఘరాత్రిలో అటువైపు వెళ్ళేవాళ్ళే లేరు. ఆరో సొరంగం చుట్టు తిరిగి, కాళ్ళు నొప్పులని తిట్టుకుంటూ పోయేవారు.

మౌన గడియ అంటే ఏమిటో చెప్పాలి. లేకపోతే ఈ కథ మీకు అర్థం కాదు.

సృష్టికర్త ఒకే ఒక్క మాటతో లోకాలన్నిటినీ చేసి, ఆ తర్వాత ఊరుకున్నాడని మా నమ్మకం. ఆ మాట ఇంకా ఎక్కడో వినబడుతూనే ఉందట. అందుకే రోజుకోసారి నోరు, యంత్రాలు, రేడియోలు అన్నీ కట్టేసి వింటాం. ఖాళీ గ్రహాల్లో దిగి, అక్కడ కూడా వినాలన్నది మా వ్రతం. మరి గ్రహం గ్రహానికీ సూర్యుడు వేరు కదా, ఏ వేళకు వినాలి? దీని మీద రెండు వర్గాలయ్యాం. సూర్యాస్తమయానికే అన్నవాళ్ళు సూర్యుడి వర్గం. ఎక్కడున్నా ఓడ గడియారమే ప్రమాణం అన్నవాళ్ళం గడియారం వర్గం. అన్నదమ్ములు విడిపోయారు, పెళ్ళిళ్ళు తప్పిపోయాయి. ఆఖరికి మేం వేరే ఓడెక్కి ఇక్కడికొచ్చాం. మౌనం కోసం అంత గొంతు చించుకున్నవాళ్ళు మానవ చరిత్రలో ఇంకొకరు ఉండరు. నేను కాలేజీలో చదివింది చరిత్రే, కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది.

పాత లెక్కలో గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. మా పెద్దయ్యగారు, అంటే మా వర్గానికి పెద్ద, భక్తి పొంగి దాన్ని నలభై చేశారు. ఆ పదహారు నిమిషాలూ ఎక్కువే అయ్యాయి. ఎలాగో చెప్తాను.

మేం దిగిన రెండో ఏడు. ఏడో తలుపు దగ్గర ఒక కాపలాదారు ఉండేవాడు. అతను నాకు బాగా తెలుసు. నలభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే అతని గడ్డం నేనే గీస్తున్నాను.

అవును, నేనే.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఎప్పుడూ ఈల వేస్తుండేవాడు. అందరూ 'ఈల' అనే పిలిచేవారు. బయట రేడియో స్తంభాల మీద దుమ్ము దులపడం అతని పని. భక్తి ఉంది గానీ నిలకడ లేదు. ఒకసారి మౌన గడియ మధ్యలో బయటి నుంచి తలుపు తట్టాడు. ఏం ప్రమాదమోనని నేను పంపు వేశాను. ఊరంతా ఉలిక్కిపడింది ఆ మోతకి. లోపలికొచ్చి, బయటి దుస్తుల టోపీ తీసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ చేతులు జోడించాడు. మర్నాడు సభలో నన్ను గంటసేపు నిలబెట్టారు. ఇంటికొచ్చాక, "ఏం బావా, కాళ్ళు లాగుతున్నాయా? పిసకనా?" అన్నాడు. మా ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఏడాది తిరిగింది. దీర్ఘరాత్రి మొదలైన రోజు. మౌన గడియ గంట మోగే ముందు బయట ఉన్నవాళ్ళను రేడియోలో మూడుసార్లు పిలవడం కాపలాదారు విధి. నేను టీ ముగించుకుని వచ్చేసరికి ఒక్కసారి పిలవడానికే వ్యవధి దొరికింది. జవాబు రాలేదు. ఈల మూడో తలుపు నుంచి లోపలికి వచ్చేసి ఉంటాడులే అనుకున్నాను. గంట మోగింది. రేడియో కట్టేశాను. పంపులు ఆగిపోయాయి.

కాసేపటికి… టక్. టక్.

ఎవరని అడగకూడదు. తలుపు తీయాలంటే పంపు వేయాలి. మళ్ళీ సభ, మళ్ళీ గంటసేపు నిలబడటం, మళ్ళీ ఆ నవ్వు.

చలికి ఇనుము ముడుచుకుంటోంది అనుకున్నాను. అలాగే అనుకోవాలనుకున్నాను.

మళ్ళీ రెండు. కాస్త గట్టిగా. మళ్ళీ రెండు… మెల్లగా. ఆ తర్వాత లేదు.

నలభై నిమిషాలయ్యాక తలుపు తీస్తే, బయటి తలుపుకు వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉన్నాడు. వీపున ఉన్న తొట్టిలో గాలి అయిపోయింది. గంట మోగాక ముప్ఫై నిమిషాల దాకా ఉండి ఉంటుందని వైద్యుడు చెప్పాడు.

ఇరవై నాలుగు నిమిషాల గడియ అయితే బతికేవాడు. నేను టీ వదిలేసి లేచినా బతికేవాడు. పంపు వేసినా బతికేవాడు.

మా ఆవిడ ఒక్కటే అడిగింది. "మా తమ్ముడు తట్టాడా?"

"లేదు. ఇనుము చల్లబడిన చప్పుడు తప్ప ఏమీ వినలేదు" అన్నాను.

ఆమె మళ్ళీ అడగలేదు. పెద్దయ్యగారూ అడగలేదు. ఆరేడేళ్ళ తర్వాత ఏడో తలుపు దగ్గర చప్పుళ్ళు మొదలయ్యాయని ఊరంతా దెయ్యం, దెయ్యం అని వణికితే, నేనొక్కణ్ణే లోపల్లోపల నెమ్మదించాను. చూశారా? ఆ తలుపు స్వభావమే అంత. చలికి చప్పుడు చేస్తుంది. ఆనాడూ అదే చేసింది. అప్పటినుంచీ ఆ చప్పుడు మీదే తల ఆనించి నిద్రపోయాను.

ఇక మా మనవరాలి సంగతి. పిల్ల పంపుల మెకానిక్కు. ఊళ్ళో సగం పంపులు దాని చేతి కిందే ఉన్నాయి. మా పాత వరసకు మాత్రం ఇంతవరకూ ఒక్క పైపూ రాలేదు. ఇప్పటికీ నీళ్ళు డబ్బాలతో మోసుకుంటాం, గది వెచ్చదనానికి కుంపటే గతి. "మెకానిక్కు గారి తాతకు ఇదా మర్యాద?" అంటే, "వరస ప్రకారం వస్తుంది తాతయ్యా, సిఫార్సులు చెల్లవు" అంటుంది.

మొన్నటి దీర్ఘరాత్రి, నాలుగో రోజు. వేడినీటి ఒత్తిడి పడిపోతోందని, ఎక్కడ కారుతోందో చూడ్డానికి ఒక్కతే బయల్దేరింది. ఏడో తలుపు చేరేసరికి గంట మోగింది. తర్వాత జరిగింది అది చెప్పినట్టే చెప్తాను.

దీపాలు సగానికి తగ్గాయి. పంపులు ఆగిపోయాయి. తన ఊపిరే తనకు వినబడేంత నిశ్శబ్దం. చేతిలో చిన్న దీపం. గోడ మీద మంచు పొర…

టక్… టక్.

వెనక్కి తిరగబోయి, దీపం తలుపు వైపు తిప్పింది. ఎవరని అరవబోయి నోరు మూసుకుంది. మౌన గడియ కదా.

టక్… టక్. ఈసారి మరీ దగ్గరగా. తన మొహానికి ఎదురుగానే.

ఏడవాలో, పరుగెత్తాలో తెలియక… చెయ్యి చాపింది. పనిచేసి అలవాటైన చెయ్యి. తలుపు పక్కనే గోడలోంచి వెళ్ళే వేడినీటి పైపు మీద అరచెయ్యి పెట్టింది. మళ్ళీ టక్ మంది. చేతి కింద పైపు ఎగిరింది!

మౌన గడియకు పంపులు ఆపేస్తారు. వేడినీళ్ళు ఆగిపోతాయి. దీర్ఘరాత్రి చలికి పైపు ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ గోడకు బిగించిన ఇనప పట్టీకి కొట్టుకుంటుంది. ఇన్నేళ్ళుగా ఊరిని వణికించిన దెయ్యం అదీ! నవ్వు ఆగక చేతి తొడుగు కొరుక్కుంటూ అక్కడే కూర్చుందట.

మర్నాడు ఆ పట్టీ కింద రబ్బరు ముక్క పెట్టింది. చప్పుడు ఆగిపోయింది.

ఆ మర్నాటి సాయంత్రం మా ఇంటికి భోజనానికొచ్చి ఇదంతా చెప్పింది. "నీ వెల్డరు స్నేహితుడికి చెప్పు తాతయ్యా, మంచం దిగొచ్చని" అంది. నేనూ నవ్వాను. "నేను ముందునుంచీ అంటూనే ఉన్నానుగా, ఇనుమేనని."

మా ఆవిడ కంచాలు తీస్తోంది. తీస్తూ తీస్తూ అడిగింది.

"ఆ పైపు ఎప్పుడు వేశారే?"

"రెండో ఓడలో వచ్చిన సరుకు అమ్మమ్మా. పైన ముద్ర ఉంది. అంతకుముందు అటువైపు పైపే లేదు. ఉత్త తలుపే."

"ఉత్త తలుపు చప్పుడు చేస్తుందా?"

"ఆ మందాన ఉన్న తలుపా? నువ్వు సుత్తితో కొడితే తప్ప చెయ్యదు." పిల్ల గడియారం చూసుకుని లేచింది. "గంట వేళయింది, పంపులు ఆపాలి. వస్తా."

రెండో ఓడ వచ్చింది ఈల పోయిన ఆరేళ్ళకు.

మా ఆవిడ చేతిలో కంచం అలాగే ఉంది. నా వైపు చూసింది. నోరు తెరిచింది…

గంట మోగింది.

ఎదురెదురుగా కూర్చున్నాం. నలభై నిమిషాలు అలా గడపాలి. ఆమె కళ్ళు నా మీదనుంచి కదల్లేదు. అంతసేపు ఆమె నన్ను చూసి చాలా ఏళ్ళయింది. కుంపట్లో బొగ్గు చిటపటమంటే ఉలిక్కిపడ్డాను. పది నిమిషాలయ్యాయి. పదిహేను. ఆ వేళకు అతను ఎన్నోసారి తడుతున్నాడో…

నా వల్ల కాలేదు. జీవితంలో మొదటిసారి మౌన గడియలో నోరు విప్పాను.

"తట్టాడు" అన్నాను. "మూడుసార్లు. విన్నాను."

ఆమె పలకలేదు. నియమం ఎన్నడూ తప్పని మనిషి. చేతిలోని కంచం మాత్రం మెల్లగా కింద పెట్టింది.

అప్పుడు మా ఇంటి తలుపు మీద…

టక్. టక్.

పిల్ల పంపుల దగ్గర ఉంది. మౌన గడియలో మా వరస వైపు ఎవరూ రారు. మా వరసకు పైపులు రాలేదని చెప్పాను కదా.

నేను కదల్లేదు. ఆనాటిలాగే.

మళ్ళీ రెండు. కాస్త గట్టిగా.

మా ఆవిడ లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఊనుకుని, మెల్లగా. నన్ను దాటుకుని తలుపు దాకా నడిచింది. మా వర్గం ఓడెక్కిన నాటినుంచీ మౌన గడియలో ఒక్క మాటా పలకని ఆ మనిషి, సొరంగమంతా మారుమోగేలా గట్టిగా అంది.

"వస్తున్నా, ఉండరా తమ్ముడూ!"

అని, గడియ తీసింది.